65వ బంతికీ 66వ బంతికీ మధ్య: హైస్కూల్ బేస్‌బాల్ కోచింగ్‌లో నా అనుభవం

పిచర్ (బంతి వేసేవాడు) అలసిపోయాడని అందరికన్నా ముందు తెలిసేది క్యాచర్‌కి (బ్యాటర్ వెనక కూర్చుని ఆ బంతి పట్టేవాడికి). హైస్కూల్లో, ఆ తర్వాత కాలేజీలో నేను ఆడింది ఆ చోటే, బ్యాటర్ నిలబడే చోట నేలలో ఉండే హోమ్ ప్లేట్ వెనక గొంతుక్కూర్చుని. ఇరవై ఏళ్లకు పైగా టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లలో కోచ్‌గా పనిచేస్తున్నా నా కన్ను మాత్రం వేసేవాడి మోచేతి దగ్గరే ఉంటుంది. ఈ పనిలోకి రావాలనుకునే తెలుగు కుర్రాళ్లు, పిల్లల్ని ఈ ఆటలో చేర్పించిన తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఆ మోచేతి దగ్గరికే వస్తాయి. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ కోచ్ అంటే ముందు టీచరు. టెక్సస్‌లో స్కూలు ఆటల్ని నడిపించేది యూఐఎల్, అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కోలాస్టిక్ లీగ్. దాని నియమం ప్రకారం కోచ్ సాధారణంగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పూర్తికాలం ఉద్యోగి అయ్యుండాలి. కాబట్టి పొద్దున లెక్కల క్లాసులు, ఆ తర్వాత అథ్లెటిక్ పీరియడ్, బడి వదిలాక ప్రాక్టీసు. కోచింగ్‌కి ఇచ్చేది జీతం మీద కొంత అదనం, అంతే. బడి వేళలు కాకుండా వారానికి 8 గంటలకు మించి ప్రాక్టీసు చేయించకూడదు. 1984లో వచ్చిన ‘నో పాస్, నో ప్లే’ చట్టం ఇంకొకటి ఉంది. ఏ సబ్జెక్టులోనైనా గ్రేడు 70కి తగ్గితే పిల్లాడు ప్రాక్టీసుకు రావచ్చు కానీ మ్యాచ్ ఆడకూడదు. మళ్లీ మార్కులు చూసేది మూడు వారాల తర్వాతే. కొన్ని పై స్థాయి కోర్సులకు మినహాయింపు ఉంటుంది. మూడు వారాలంటే ఆరు డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లు (మా గ్రూపులోని స్కూళ్లతో ఆడే లీగ్ మ్యాచ్‌లు). అందుకే ప్రతి సోమవారం పొద్దున్నే గ్రేడ్లు చూడటం నాకు బ్యాటింగ్ ఆర్డర్ రాయడం కన్నా ముఖ్యం. 74 దగ్గర ఉన్నవాణ్ణి ఆ రోజే ట్యుటోరియల్‌కి పంపాలి. 69 అయ్యాక చేయగలిగింది ఏమీ ఉండదు.

జనవరి చివర్లో ప్రాక్టీసు మొదలవుతుంది. ఫిబ్రవరిలో మ్యాచ్‌లు, మార్చి, ఏప్రిల్ నెలల్లో డిస్ట్రిక్ట్, మేలో ప్లేఆఫ్స్. అన్నీ గెలుచుకుంటూ పోతే జూన్‌లో రాష్ట్ర ఫైనల్స్‌కి, రౌండ్ రాక్‌లోని డెల్ డైమండ్ స్టేడియం దాకా. మ్యాచ్‌కి 7 ఇన్నింగ్స్ (రెండు జట్లూ చెరి మూడు ఔట్లు అయ్యేదాకా ఆడితే ఒక ఇన్నింగ్స్). డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లు మామూలుగా మంగళవారం, శుక్రవారం. ఈ రెండు రోజుల పేర్లు గుర్తుపెట్టుకోండి, అసలు లెక్కంతా వాటి మధ్యనే ఉంది.

2017 సీజన్ నుంచి హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఒక నిబంధన పెట్టింది: పిచర్ వేసే బంతుల సంఖ్యకు ప్రతి రాష్ట్రమూ తన పరిమితి రాసుకోవాలి. అంతకుముందు చాలాచోట్ల ఇన్నింగ్స్ లెక్కపెట్టేవాళ్లు. అది తప్పుడు కొలత. ఒక ఇన్నింగ్స్ 9 బంతుల్లో అయిపోవచ్చు, 38 బంతులూ పట్టొచ్చు. టెక్సస్ పట్టిక ఇది: రోజుకు గరిష్ఠం 110. 30 లోపు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు. 31 నుంచి 45 వేస్తే ఒక రోజు, 46 నుంచి 65 వేస్తే రెండు రోజులు, 66 నుంచి 85 వేస్తే మూడు రోజులు, 86 నుంచి 110 వేస్తే నాలుగు రోజులు.

దీన్ని క్యాలెండర్ మీద పెట్టి చూడండి. మంగళవారం 65 బంతులు వేసినవాడు బుధ, గురు విశ్రాంతి తీసుకుని శుక్రవారం మళ్లీ వేయొచ్చు. 66వ బంతి వేశాడా, శుక్రవారం పోయింది, వాడు దొరికేది శనివారమే. శుక్రవారం 85 వేసినవాడు మంగళవారానికి వస్తాడు, 86 వేస్తే రాడు. కాబట్టి ఐదో ఇన్నింగ్స్‌లో మీ మంచి పిచర్ 61 దగ్గర ఉండి, ఎదురుగా ఫౌల్ మీద ఫౌల్ (గీత బయటికి పోయే దెబ్బలు) కొట్టి బంతులు ఖర్చు చేయించే బ్యాటర్ ఉంటే, మీరు నిర్ణయించేది ఆ బ్యాటర్ సంగతి ఒక్కటే కాదు, శుక్రవారం సంగతి కూడా. ఆ బ్యాటర్ రాకముందే బుల్‌పెన్‌లో (పక్కన పిచర్లు తయారయ్యే చోట) ఇంకొకడు చెయ్యి వేడి చేసుకుని ఉండాలి. కొత్త కోచ్‌లు ఇక్కడే దెబ్బ తింటారు. 60 దాటాక రెండోవాణ్ణి లేపుతారు, వాడు సిద్ధమయ్యేసరికి 72 అవుతుంది. నేను 45 దగ్గరే లేపుతాను.

ఇంతా చేసి, పట్టిక ఒప్పుకుంది కదా అని వేయించడం నా పద్ధతి కాదు. అది పైకప్పు, గమ్యం కాదు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో 15, 16 ఏళ్లవాళ్లకు గరిష్ఠం 95, 17, 18 ఏళ్లవాళ్లకు 105. తొమ్మిదో తరగతి పిల్లాడికీ పన్నెండో తరగతి పిల్లాడికీ ఒకే 110 అని టెక్సస్ పట్టిక ఊరుకుంటుంది, నేను ఊరుకోను. పదిహేనేళ్ల వాడి ఎముకల చివర్లు ఇంకా పూర్తిగా ముదరలేదు. మా జట్టులో తొమ్మిది, పది తరగతుల వాళ్లకు 75 దాటనివ్వను.

ఇంకో సంగతి, ఆ లెక్కలోకి రాని బంతులు. మ్యాచ్ ముందు బుల్‌పెన్‌లో 35, మొదటి ఇన్నింగ్స్‌కి ముందు 8, మిగతా ఆరు ఇన్నింగ్స్‌కి ఐదేసి చొప్పున 30. బంతుల లెక్క రాసే కార్డు మీద 95 అని ఉన్న రోజున ఆ చెయ్యి విసిరింది 168. బేస్ (పరుగెత్తేవాడు ఆగే చోటు) మీద ఉన్నవాణ్ణి పట్టడానికి విసిరినవి వేరే. అలాంటివాణ్ణి మధ్యలో క్యాచర్‌గా పెడితే ఇంకో వంద. పిచర్‌నీ క్యాచర్‌నీ ఒకే మ్యాచ్‌లో ఒకే పిల్లాడితో ఆడించకూడదు. ఎంత చిన్న స్కూలైనా, ఎంతమంది తక్కువైనా సరే. నా మాట కఠినంగా ఉంటుందని తెలుసు, అయినా అక్కడ నాకు బేరం లేదు.

మోచేతి లోపలివైపు ఎముకల్ని పట్టి ఉంచే నరంలాంటి పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని యూసీఎల్ అంటారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కి దాన్ని ఒంట్లోనే ఇంకో చోటి నుంచి తీసిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీతో) మళ్లీ కట్టాడు. అప్పటినుంచి ఆ ఆపరేషన్‌కి ఆ ఆటగాడి పేరే. మళ్లీ మ్యాచ్‌లో వేయడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆపరేషన్ చేయించుకుంటే ఇంకా వేగంగా వేస్తారని నమ్మే తల్లిదండ్రులు ఇప్పటికీ కనబడతారు. వేగం పెరిగిందంటే అది ఏడాదిపాటు చేసిన కసరత్తు వల్ల. ఆ కసరత్తు ఆపరేషన్ లేకుండానే చేయొచ్చు.

అలసటను ఎలా పసిగట్టాలి? రేడార్ గన్ గంటకు 3, 4 మైళ్ల తగ్గుదల చూపించేసరికి ఆలస్యమైపోతుంది. దానికి ముందే గుర్తులుంటాయి. కుడిచేతి పిచర్ అయితే ఫాస్ట్‌బాల్ క్యాచర్‌కి ఎడమవైపు, పైకి పోవడం మొదలవుతుంది. ఒకటి పోతే పరవాలేదు. అదే చోటికి మూడు పోయాయంటే మోచెయ్యి భుజం గీతకన్నా కిందికి జారుతోందని అర్థం. కర్వ్‌బాల్ కిందికి దిగకుండా నడుము ఎత్తులో తేలుతుంది. బంతికీ బంతికీ మధ్య 15 సెకన్లు తీసుకునేవాడు 25 తీసుకుంటాడు, చొక్కా చెయ్యి లాక్కుంటాడు, రోసిన్ సంచి (చేతికి పట్టు కోసం వాడే పొడి సంచి) పట్టుకుని తిరుగుతాడు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు మట్టిలో ఉంటుంది. ముందు కాలు పడేచోట గుంట ఏర్పడుతుంది కదా, మొదటి మూడు ఇన్నింగ్స్ కాలి గుర్తులన్నీ ఒకదానిమీద ఒకటి పడి చిన్న గిన్నెలా ఉంటుంది. కాళ్లు అలిసేకొద్దీ అడుగు కురచవుతుంది, ఆ గిన్నె వెనక్కి, పిచర్ వెనక కాలు ఆనించే రబ్బరు పలక వైపు సాగుతుంది. సగం బూటు పొడవు సాగిందంటే కాళ్లు చేయాల్సిన పని చెయ్యి చేస్తోందన్నమాట. ఇన్నింగ్స్ మధ్యలో మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దగ్గరికి వెళ్తే నేను ముందు నేల చూస్తాను, తర్వాతే పిల్లాడి ముఖం.

‘ఎలా ఉంది?’ అని పిచర్‌ని అడగను. ఏ పిచర్ అయినా ‘బాగానే ఉన్నా కోచ్’ అనే అంటాడు. క్యాచర్‌ని అడుగుతాను, అదీ డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట), పక్కకు పిలిచి. మౌండ్ దగ్గరికి వెళ్లడం కూడా లెక్కే. 7 ఇన్నింగ్స్‌లో మూడుసార్లే ఆట ఆపి మాట్లాడే వీలుంది, నాలుగోసారి వెళ్తే పిచర్‌ని మార్చి తీరాలి.

ఇక మౌండ్. క్రికెట్ పిచ్ తయారీ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పిచర్ నిలబడేది 18 అడుగుల వెడల్పున్న మట్టిదిబ్బ. ఎత్తు, హోమ్ ప్లేట్ కన్నా 10 అంగుళాలు. రబ్బరు పలక ముందంచు నుంచి ప్లేట్ వెనక కొనకు 60 అడుగుల 6 అంగుళాలు. పలకకు 6 అంగుళాల ముందు నుంచి వాలు మొదలై అడుగుకు ఒక అంగుళం చొప్పున దిగాలి. సీజన్ మొదట్లో తాడూ రసమట్టమూ పెట్టి చూస్తే చాలా స్కూళ్ల మౌండ్‌లు ఇలా ఉండవు. ముందు భాగం అరిగిపోయి వాలు నిట్టనిలువుగా అయి ఉంటుంది. అప్పుడు ముందు కాలు అనుకున్నదానికన్నా ఆలస్యంగా నేలను తాకుతుంది, భుజం ముందే తిరిగిపోతుంది, చెయ్యి వెనకబడుతుంది. బంతి పైకి పోతుంది, భారమంతా మోచేతి మీద పడుతుంది. పిల్లాడి యాక్షన్ చెడిపోయిందని రెండు వారాలు వీడియోలు తీసి, చివరికి తప్పంతా మట్టిదని తేలిన సందర్భాలు ఈ పనిలో మామూలే.

మ్యాచ్ అయిపోయాక గుంట పూడ్చే పద్ధతి చెబుతాను. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. గుంటలో వదులుగా ఉన్న మట్టినంతా చీపురుతో బయటికి ఊడ్చేయాలి. బద్ధకించి దానిమీదే కొత్త మట్టి పోస్తే రెండో ఇన్నింగ్స్‌కల్లా పెళ్లలుగా లేచిపోతుంది. అడుగు గట్టిగా కనిపించాక నీళ్లు చిలకరించాలి, నిలవకూడదు. తర్వాత మౌండ్ బంకమట్టిని ఒక అంగుళం మందం చొప్పున పరుస్తూ, ప్రతి పొరమీదా దిమ్మిస కొట్టాలి. మట్టి పదునులో ఉందో లేదో తెలుసుకోవడానికి పిడికెట్లో నొక్కి చూడండి. వేళ్ల అచ్చులు నిలవాలి, అరచేతికి మాత్రం అంటకూడదు. దిమ్మిసకు అంటుకుంటుంటే పాత తువ్వాలు చుట్టి కొట్టండి. పైన కాల్చిన బంకమట్టి గుళికలు పల్చగా చల్లి, టార్పాలిన్ కప్పేయాలి. కప్పకపోతే టెక్సస్ ఎండకు ఒక్క రోజులో బీటలు వారుతుంది. మౌండ్‌కి ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల చుట్టూ ఉండే మైదానం) మట్టి వాడటం ఇంకో తప్పు. ఇన్‌ఫీల్డ్ మట్టిలో ఇసుక పాళ్లు ఎక్కువ, బూట్ల మేకులకు ఆగదు. మౌండ్‌కి ఇసుకా బంకమట్టీ చెరి 40 పాళ్లు, ఒండ్రు 20 పాళ్లు ఉండేది వాడతాను. చేతిలో పని పెట్టుకుని ఇద్దరు కూర్చుంటే 25 నిమిషాల పని. దాన్ని ఆ రోజు వేసిన పిచర్‌తోనే చేయిస్తాను, దిమ్మిస మాత్రం అతనికివ్వను. ఆ చెయ్యి అప్పటికే తన పని చేసేసింది.

వాన పడితే నీటి మడుగును చీపురుతో గడ్డి వైపు నెట్టకండి. నీళ్లతోపాటు సన్నమట్టి పోయి గడ్డి అంచున గట్టులా పేరుకుంటుంది. వారం తర్వాత నేలబారుగా వచ్చిన బంతి ఆ గట్టుకు తగిలి షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) మూతి మీదికి లేస్తుంది. చేతి పంపుతో తోడాలి, లేదా స్పాంజితో పీల్చాలి.

ప్రాక్టీసు గురించి క్లుప్తంగా. రెండు గంటల ప్రాక్టీసు నిమిషాలతో సహా చిన్న కార్డు మీద రాసి గోడకు అంటిస్తాను: 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవడం, 15 నిమిషాలు విసరడం, 20 ఎవరి స్థానంలో వాళ్ల ఫీల్డింగ్, 20 జట్టు ఫీల్డింగ్, 45 బ్యాటింగ్, 10 బేస్‌ల మీద పరుగు. బ్యాటింగ్ అంటే ఒకడు కొడుతుంటే పన్నెండు మంది దూరంగా నిలబడి చూడటం కాదు. నాలుగు చోట్లుగా విడగొడితే ఒక్కొక్కడికి అరవై, డెబ్బై స్వింగులు దొరుకుతాయి. కలప బ్యాటు కాకపోతే బీబీకోర్ ముద్ర (బంతి బ్యాటు మీంచి మరీ వేగంగా ఎగరకుండా పెట్టిన ప్రమాణం) ఉన్నదే వాడాలి, 2012 నుంచి ఇది నియమం. 33 అంగుళాల బ్యాటు 30 ఔన్సులకు తగ్గకూడదు. క్యాచర్ ఛాతీ కవచం కూడా 2020 నుంచి నాక్సే (ఆటల రక్షణ పరికరాలకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం ఉండాలి. గుండె మీద బంతి సరిగ్గా ఒక క్షణంలో తగిలితే గుండె ఆగే ప్రమాదం ఉంది కాబట్టి. అన్నయ్య పాత కవచం తెచ్చుకున్న పిల్లాడిది తప్పకుండా తిప్పి చూడండి. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఆఫీసు గదిలో తాళం వెనక కాదు, డగౌట్‌లో ఉండాలి.

బేస్ దొంగిలించడం (పిచర్ బంతి వేస్తుండగానే పరుగువాడు తర్వాతి బేస్‌కి ఉరకడం) మీద తల్లిదండ్రుల ఫిర్యాదు ఎప్పుడూ క్యాచర్ మీదే. వాచీ పెట్టి చూస్తే నేరం క్యాచర్‌ది కాదు. ప్లేట్ నుంచి రెండో బేస్‌కి 127 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. బంతి తన గ్లవ్‌లో పడినప్పటి నుంచి రెండో బేస్ దగ్గరి గ్లవ్‌లో పడేదాకా 2.0 సెకన్లు పడితే హైస్కూల్ క్యాచర్‌కి అది మంచి టైమే. పిచర్ కదలిక మొదలై బంతి ప్లేట్ చేరడానికి 1.3 పట్టాలి. రెండూ కలిపి 3.3, ట్యాగ్ చేయడానికి (బంతితో పరుగువాణ్ణి తాకడానికి) ఇంకో 0.1. చురుకైన పరుగువాడికీ దాదాపు అంతే పడుతుంది. పిచర్ కాలు ఎత్తుగా లేపి 1.6 తీసుకున్నాడంటే ఏ క్యాచరూ ఆపలేడు. దీనికి మందు, కాలు లేపకుండా జరిపి వేసే స్లైడ్ స్టెప్. కానీ ప్రతి బంతికీ అదే చేయిస్తే కాలు ముందే పడి చెయ్యి వెనకబడుతుంది, మళ్లీ మోచేతి దగ్గరికే వస్తాం. అందుకని నేను ముందు చెప్పేది స్లైడ్ స్టెప్ కాదు, బంతి పట్టుకుని ఆగే సమయం మార్చడం: ఒకసారి ఒక సెకను, ఒకసారి రెండు, ఒకసారి నాలుగు. పరుగువాడి కాళ్లు బిగుసుకుపోతాయి, పిచర్ చేతికి ఏమీ కాదు.

డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, కోపెల్, ఇర్వింగ్‌లలో మన తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఇంట్లో నాన్నతో క్రికెట్ ఆడి వచ్చిన పిల్లల్లో ఒక మంచి గుణం ఉంటుంది. గ్లవ్ లేకుండా పట్టి అలవాటు కాబట్టి చేతులు మెత్తగా వెనక్కి ఇస్తారు. ఇన్‌ఫీల్డ్‌కి అది బంగారం. మార్చుకోవాల్సినవి రెండు. బ్యాటును నిలువుగా తెచ్చి బంతిని నేలకు నొక్కే అలవాటు, దానికి టీ (బంతిని నిలబెట్టే స్టాండు) మీద రోజుకు యాభై స్వింగులు, ఆరు వారాలు చాలు. రెండోది విసరడం. చెయ్యి చాచి బౌలింగ్ చేసినవాడికి మోచెయ్యి వంచి బలంగా విసిరే అలవాటు తక్కువ, కండరాలు దానికి తయారై ఉండవు. భుజం బలంగానే కనిపిస్తుంది కాబట్టి కోచ్ మోసపోయి మొదటి వారమే మౌండ్ ఎక్కిస్తాడు. ఆ తప్పు చేయకండి. మొదటి వారం 45 అడుగుల నుంచి 25 విసుర్లు, వారానికి మూడు రోజులు. తర్వాత 60, 90, 120 అడుగులు. ఆ తర్వాతే మౌండ్, అదీ మొదట 15 ఫాస్ట్‌బాల్‌లు. మొత్తం ఆరు నుంచి ఎనిమిది వారాలు. ‘కోచ్ గారూ, మావాడు తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే ఆలస్యమా?’ అని అడిగేవాళ్లకు నా జవాబు: ఫీల్డర్‌గా కాదు, పిచర్‌గా అయితే ఒక ఏడాది ఓపిక పట్టండి.

స్కాలర్‌షిప్ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1 బేస్‌బాల్‌లో చాలా ఏళ్లపాటు జట్టు మొత్తానికి 11.7 పూర్తి స్కాలర్‌షిప్‌ల డబ్బే, వాటిని 27 మంది దాకా పంచేవాళ్లు. 2025–26 నుంచి, ఒక కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఆ పరిమితి పోయి, జట్టులో 34 మందే అన్న పరిమితి వచ్చింది. అంటే డబ్బు పెరగొచ్చు, చోట్లు తగ్గాయి. ఈ లెక్క తెలియక ఎండాకాలమంతా వారాంతపు టోర్నమెంట్లు, ఆ తర్వాత సెప్టెంబరు, అక్టోబరులో షోకేసులు (కాలేజీ కోచ్‌ల కళ్లలో పడటానికి ఆడేవి) తిప్పుతారు. అక్కడ వేసిన బంతుల్ని స్కూలు కార్డు లెక్కపెట్టదు.

పిచ్ స్మార్ట్ ప్రకారం ఏడాదికి కనీసం నాలుగు నెలలు మ్యాచ్‌లో వేయడం ఆపాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా అసలు చెయ్యెత్తి విసరకూడదు. జనవరి చివరి ప్రాక్టీసు నుంచి వెనక్కి లెక్కేస్తే, చెయ్యి మళ్లీ తయారవడానికి డిసెంబరు మొదట్లోనే విసరడం మొదలవ్వాలి. అంటే ఆపాల్సింది సెప్టెంబరు మధ్యలో. షోకేసులు సరిగ్గా ఆ నెలల్లోనే ఉంటాయి కాబట్టి ఏటా గొడవ అక్కడే.

అందుకే మేలో చివరి మ్యాచ్ అయిన మర్నాడు ప్రతి పిచర్‌కీ ఒక కాగితం ఇస్తాను. మ్యాచ్‌ల వారీగా వేసిన బంతులు, మొత్తం, ఏ రోజు ఎన్ని రోజుల విశ్రాంతితో వేశాడు, అన్నీ అందులో ఉంటాయి. కింద కొంత చోటు ఖాళీగా వదిలి, ఎండాకాలంలో వేసినవి వాళ్లే రాసుకోవాలని గళ్లు గీస్తాను. అన్నిటికన్నా కింద ఎర్ర సిరాతో రెండు తేదీలు: సెప్టెంబరు 15, డిసెంబరు 1. మధ్యలో బంతి ముట్టుకోవద్దని రాసి, పిల్లాడి చేతా, వాళ్ల అమ్మానాన్నల చేతా సంతకం పెట్టించుకుంటాను. డిసెంబరు మొదటి సోమవారం ఆ కాగితం తెచ్చినవాడికే 45 అడుగుల దగ్గర నిలబడే చోటు ఇస్తాను.